4417 తర్వాతి ఫోటో

ఆ వీధిలో ఆయన అసలు పేరు బ్యాంకు పాసుపుస్తకానికి, కరెంటు బిల్లుకి తప్ప ఎవరికీ అవసరం పడలేదు. అందరికీ ఆయన ‘కదలకండి గారే’. ముప్ఫై నాలుగేళ్ళుగా స్టూడియోలో స్టూలెక్కిన ప్రతి మనిషికీ ఆయన చేసే ఉపదేశం అదొక్కటే. “గడ్డం కొంచెం పైకి... ఆ, అక్కడే... కదలకండి.” ఎదురుపడితే ‘మాస్టారూ’ అని పలకరిస్తారు, మలుపు తిరగ్గానే ‘కదలకండి’ అని నవ్వుకుంటారు. ఆయనకి తెలుసు. తెలిసీ తెలియనట్టు ఊరుకుంటాడు.

స్టూడియో అంటే మేడా మిద్దే కాదు. టైలరు దుకాణానికీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుక్కున్న గది, దాని వెనక ఇంకో గది. ముందు గదిలో గాజు బల్ల, దాని కింద వరసగా పెళ్ళికూతుళ్ళ నవ్వులు. వెనక గదిలో రెండు గొడుగు లైట్లు, ఒక స్టూలు, మేకుకి వేలాడే నల్ల కోటు. ఆ కోటుకి వీపు లేదు. ముందు సగం, దానికి కుట్టేసిన టై, వెనక ముడేసుకోవడానికి నాడాలు, అంతే. ఊళ్ళో సగం మంది పాస్‌పోర్టుల్లో దొరల్లా కనిపిస్తున్నది ఆ సగం కోటు చలవే.

టచప్‌లో ఆయనది అందెవేసిన చెయ్యి. మొటిమలు, మచ్చలు, కంటి కింద నలుపు ఆయన కంప్యూటరు దాటి బయటికి రావు. స్కూలు గ్రూపు ఫోటోలో నలభై మందిలో ఒకడు కచ్చితంగా కళ్ళు మూస్తాడు. వాడికి ఇంకో ఫోటోలోంచి తెరిచిన కళ్ళు తెచ్చి అతికిస్తాడు, వాళ్ళమ్మ కూడా కనిపెట్టలేదు. “దేవుడు తొందరలో వదిలేసినవి మాస్టారు తీరిగ్గా సరిచేస్తారు” అని పక్క టైలరు మెచ్చుకుంటాడు. ఉన్నదాన్ని లేనట్టు చెయ్యడం ఆయన వృత్తి. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆయన లేనట్టు చేసిన ఒక దారం ముక్క కథే ఇదంతా.

ఇలాంటి మనిషికి జంతువుల ఫోటోల పిచ్చి పట్టడానికి ఒక పాత పత్రిక కారణం. ఎవరో కస్టమరు మర్చిపోయి పోయాడు. అట్ట చిరిగిన ఆ పత్రికలో లోకంలోని జీవాలన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. మంచులో పిల్లని పొట్ట కింద దాచుకున్న పెంగ్విన్, వానకి తడుస్తూ విసుగ్గా కూర్చున్న గొరిల్లా, ఇసుక బొరియలోంచి చెవులు మాత్రం బయటపెట్టిన ఎడారి నక్క. ఒక్కటీ కెమెరా వంక చూడదు. అదే ఆయన్ని కట్టిపడేసింది. ఆయన తీసిన ప్రతి మొహమూ కెమెరానే చూసింది, నవ్వమన్నప్పుడే నవ్వింది. మరి వీటికి ఎవరు చెప్పారు?

“వీటిని ఎవరు కదలొద్దన్నారంటావ్?” అని భార్యని అడిగాడు.

“మీరు లేరుగా అక్కడ. అందుకే అంత బాగా వచ్చాయి” అందావిడ, బియ్యంలో రాళ్ళేరుతూ.

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు ఆయన కూడా పాతదో పొడుగు లెన్సు కొన్నాడు. ముందుగా జూకి వెళ్ళి సింహాన్ని తీశాడు. సింహంతో పాటు బోను ఊచలూ వచ్చాయి. వచ్చిన విద్య ఊరుకుంటుందా? రెండు రోజులు కూర్చుని ఊచలన్నీ చెరిపేశాడు. ఆవిడ ఆ ఫోటో చూసి, “పాపం, వెళ్ళడానికి దారి ఉన్నా ఎటు పోవాలో తెలీనట్టుంది” అంది. ఆయన దాన్ని బీరువా వెనక్కి తోసేశాడు.

గూడు చూపించింది ఆవిడే. వాళ్ళింటి వెనక గోడ దాటితే ఊరికి నీళ్ళు తోడే పంపుహౌసు ఆవరణ. మోకాళ్ళ నొప్పులకి నడక మంచిదన్నారని ఆవిడ పొద్దున్నే అక్కడ నాలుగు చుట్లు తిరుగుతుంది. అలా తిరుగుతుంటే ఒక పిగిలిపిట్ట నోట పీచుముక్క కరుచుకుని మాటిమాటికీ ఒకే పొదలోకి దూరడం కనిపించింది. నెత్తిన నల్లటి జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ. గొప్ప పిట్టేం కాదు, ఏ గోడ మీద చూసినా ఉంటుంది. పొద లోపల, మనిషి రొమ్మెత్తున, అరచేతిలో పట్టేంత గూడు. ఆవిడ ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. చూపించి షరతు పెట్టింది.

“చూడండి, ఫోటోలు తీసుకోండి. ముట్టుకోవడం మాత్రం లేదు. గూడు నాది, మీకు అద్దెకిస్తున్నా.”

“అద్దె ఎంతేమిటి?”

“పిల్లలు ఎగిరేదాకా రోజూ నాకు కబురు చెప్పడం.”

ఆ అద్దె కట్టడానికి తగ్గ సమయమే వచ్చింది. రెండు వీధుల అవతల కాపురముంటున్న కూతురికి నెలలు నిండాయి. ఆవిడ బట్టలు సర్దుకుని కూతురి దగ్గరికి వెళ్ళింది. వెళ్ళేముందు పొద్దున గూట్లో మూడు పిల్లలు కళ్ళు తెరవకుండా నోళ్ళు తెరిచాయి. ఆవిడ అప్పటికప్పుడు పెద్దది, నడిపిది, చిన్నది అని వరసలు పెట్టేసింది. మూడూ ఒకేలా ఉంటే ఏది పెద్దదో ఆవిడకెలా తెలిసిందని అడగకూడదు. తల్లులకి తెలుస్తుందట.

ఆయన మాటు కోసం స్టూడియోలో మూలపడేసిన పాత తెర బయటికి తీశాడు. కొండలు, జలపాతం, గులాబీ పొదలు గీసిన గుడ్డ అది. ఒకప్పుడు ఎన్ని కొత్త జంటలు దాని ముందు నిలబడి మురిసిపోయాయో. రెండు కర్రలకి దాన్ని కట్టి, జలపాతం మధ్యలో లెన్సు పట్టేంత కన్నం చేసి, వెనక స్టూలేసుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ మనుషుల్ని కదలొద్దన్న మనిషి, చీమలు పాకుతున్నా తను కదలకుండా కూర్చోవడం నేర్చుకున్నాడు. ఆ మూడు పొద్దులూ నిజంగా సుఖపడ్డాడు. అది కాదనలేం.

చిక్కల్లా ఒక్కటే. గూటికి ముందు ఆకులు దట్టంగా ఉన్న రెమ్మ ఒకటి అడ్డం. పిట్ట తెలివితక్కువదేం కాదు, మధ్యాహ్నపు ఎండ పడకుండా, కాకి కంట పడకుండా ఆ రెమ్మ చాటునే ఇల్లు కట్టుకుంది. పిట్టకి అది తలుపు, ఆయనకి అడ్డు. ఏ ఫోటో చూసినా సగం ఆకులే. నాలుగో రోజు ఆయన ఆల్బమ్ పెట్టెలు కట్టే నీలం ప్లాస్టిక్ దారం జేబులో వేసుకెళ్ళాడు. కొమ్మ విరవలేదు, కొయ్యలేదు. పక్కకి వంచి కట్టాడంతే. ముట్టుకోవద్దంది గూటిని కదా, రెమ్మని కాదు కదా అని తన తరఫున తనే వాదించుకుని కేసు గెలిచాడు.

ఏడున్నరకి ఆ ఫోటో పడింది. పిట్ట నోట్లో ఎర్రటి పండు. కింద మూడు గొంతులు ఒకేసారి తెరుచుకున్నాయి. పొద్దుటి ఎండ వాటి లోపలికంటా దిగి, మూడూ దీపాల్లా వెలిగాయి. కెమెరా వెనక తెర మీద ఆ ఫోటో చూసుకుని ఆయనకి కళ్ళు చెమర్చాయి. నంబరు 4417. తొమ్మిదింటికి స్కూలు గ్రూపు ఫోటో ఉంది, అది స్టూడియోలోని ఇంకో కెమెరాతో. కెమెరా సంచిలో పెట్టి, జలపాతం చుట్టి చంకన పెట్టుకుని, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

దారం విప్పలేదు.

ఎందుకు విప్పలేదో తనకి తను చెప్పుకునే కథ ఒకటుంది. ఆ రోజు కూతురికి నొప్పులొచ్చాయి, ఆస్పత్రి హడావుడిలో మర్చిపోయాను. నొప్పులు రావడం నిజం, ఆస్పత్రి నిజం, హడావుడీ నిజమే. ఇన్ని నిజాలున్న కథలో అబద్ధం ఎక్కడుందో తర్వాత చూద్దాం.

రాత్రంతా ఆస్పత్రి బల్ల మీద కూర్చుని, పొద్దున్నే ఒకసారి ఇంటికొచ్చి, కెమెరా పట్టుకుని పొద దగ్గరికి వెళ్ళాడు. రెండు పిల్లలు గూటి అంచు మీద మెడలు వాల్చి ఉన్నాయి. ముందురోజు మధ్యాహ్నపు ఎండంతా వాటి మీదే పడింది. మూడోది లేదు. కాకి ఎత్తుకుపోయిందో, కిందపడి పిల్లి పాలైందో. ఆయన చూస్తుండగానే తల్లి పిట్ట పురుగుని కరుచుకుని వచ్చింది. అంచు మీద వాలి వంగింది. ఏ నోరూ తెరుచుకోలేదు. కాసేపాగి మళ్ళీ వంగింది. అప్పుడు ఆయన వేలు, ఇరవై ఏళ్ళ అలవాటున, నొక్కేసింది.

నంబరు 4418.

నొక్కిన తర్వాత ఆ చప్పుడుకి ఆయనే ఉలిక్కిపడ్డాడు. పిట్ట లేచిపోయింది. వెళ్ళి దారం ముడి విప్పాడు. రెమ్మ తన చోటికి తను వచ్చి గూటిని కప్పేసింది. ఇంట్లో ఎవరూ లేకుండా తలుపు మూసినట్టయింది. దారం జేబులో కుక్కుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు.

అక్కడ ఆవిడ ఒళ్ళో అరగంట వయసున్న మనవరాలు. ఆవిడ మొహంలో వెలుగు చూసి ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

“రండి, రండి. చూడండి ఎవరొచ్చారో! అన్నట్టు మన పిట్టపిల్లలెలా ఉన్నాయి?”

ఆ గదిలో, ఆ పసికందు ఎదురుగా, చావు మాట నోటికి రాలేదు. “ఎగిరిపోయాయి” అన్నాడు.

“అప్పుడేనా! మూడూనా?”

“మూడూ.”

మొదటి మాటనైనా క్షమించొచ్చేమో. ఆ ‘మూడూ’ అన్నది మాత్రం ఆయన గొంతుకి అడ్డం పడింది, ఇప్పటికీ దిగలేదు. ఆవిడ పకపకా నవ్వి పాప బుగ్గ తట్టింది. “అవి అటు ఎగిరాయి, నువ్విటు వాలావా? పిట్టవే నువ్వు!” అంది. పిల్లకి తర్వాత శుభ్రమైన పేరే పెట్టారు గానీ ఇంట్లో మాత్రం అది పిట్టే. ఆయన దాన్ని పిలిచిన ప్రతిసారీ ఆ అబద్ధాన్నే పిలిచాడు.

4417ని పోటీకి పంపమన్నది ఆవిడే. పెద్దది చేసి చూస్తే ఎడమవైపు కింద మూల దారం కొస, వేలెడు పొడవున, నీలంగా కనిపించింది. పది నిమిషాల పని. ఆకులు తెచ్చి కప్పేశాడు. దరఖాస్తులో ఒక వాక్యం ఉంది, ‘జీవికి గానీ దాని నివాసానికి గానీ ఎలాంటి ఇబ్బందీ కలిగించలేదు’ అని. దాని కింద సంతకం పెట్టాడు. మొదటి బహుమతి వచ్చింది.

ఇక ఆ ఫోటో ఊరి మీద పడింది. బ్యాంకు క్యాలెండరులో అదే, పిల్లల డాక్టరు గోడ మీద అదే. సూది మందుకి ఏడ్చే పిల్లల్ని అది చూపించి ఊరుకోబెడతారు. “తల్లి మనసంటే ఇదీ, మాస్టారూ” అని టైలరు మురిసిపోయినప్పుడల్లా ఆయన తేలు కుట్టిన దొంగలా నోరు కట్టుకుని కూర్చున్నాడు. ఎవరైనా వేరే విషయంలో ‘ఎవరండీ ఈ పని చేసింది?’ అని అడిగినా భుజాలు తడుముకున్నాడు. పొడుగు లెన్సు అమ్మేశాడు. కళ్ళు ఆనడం లేదని చెప్పాడు. మొటిమ మీద మొటిమ ఏరేవాడికి కళ్ళు ఆనకపోవడం ఏమిటని ఎవరూ అడగలేదు. ఇంకో అలవాటు అంటుకుంది. దారిలో ఎక్కడ దారం కనబడినా, కంపకి చిక్కినా, కరెంటు స్తంభానికి వేలాడినా, ఆగి విప్పి జేబులో వేసుకుంటాడు. స్టూడియో సొరుగు నిండా దారాలే. ‘కదలకండి గారు పరుపు కుట్టిస్తున్నారు’ అని చెప్పుల షాపతను జోకు.

అన్నిటికంటే కష్టం ఇంట్లో. ఆవిడ వెనక గోడ మీద మట్టి మూకుడుతో నీళ్ళు పెట్టడం మొదలెట్టింది. ఏ పిగిలిపిట్ట వాలినా, “ఏమండీ, నడిపిది వచ్చింది చూడండి” అంటుంది. రెండో ఏడు జంటగా వాలితే, “చిన్నదానికి పెళ్ళయిపోయింది, మనకి చెప్పనైనా లేదు” అని అలిగింది. పదకొండేళ్ళు. ఏ పిగిలిపిట్టా అన్నేళ్ళు బతకదని ఆయన ఒక పుస్తకంలో చదివాడు. ఆవిడ లెక్కలో ఇప్పుడొస్తున్నవి మనవలు.

మొన్నో సోమవారం మ్యూజియం నుంచి ఒక మేడం స్టూడియోకి వచ్చింది. లోకం నలుమూలల నుంచి అడవి జీవాల ఫోటోలు తెప్పించి పెద్ద ప్రదర్శన పెడుతున్నారట. పేరు ‘ఎవరింట్లో వాళ్ళు’. మంచు దేశపు ఎలుగుబంటి, సముద్రపు తాబేలు, ఎడారి నక్క, అన్నీ వాటి వాటి చోట్లలో.

“మన ఊరి నుంచి మీదొక్కటే, మాస్టారూ. గోడంత సైజులో వేయిస్తాం. ఎలుగుబంటి పక్కన” అంది.

పాత పత్రికలోని జీవాల్లాంటి మంచు ఎలుగుబంటి పక్కన. ఒకప్పుడైతే ఆయన ఈ మాటకి నేల మీద నిలిచేవాడు కాదు.

“టచప్ చేసింది కాదండీ, కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైలు కావాలి. దాంతో పాటు ముందు నంబరు, తర్వాతి నంబరు ఫోటోలు కూడా. ఏమనుకోకండి, అందర్నీ అడుగుతున్నాం. పోయినసారి ఒకాయన పెంపుడు నక్కకి మెడపట్టీ తీసి, అడవి నక్కని పంపించాడు. తర్వాతి ఫోటోలో అది పళ్ళెంలో అన్నం తింటోంది” అని నవ్వింది. ఒక కాగితం బల్ల మీద పెట్టింది. ‘ఈ జీవి ఇంట్లో నేను దేన్నీ ముట్టుకోలేదు, మార్చలేదు.’ కింద సంతకానికి గీత. శుక్రవారం లోపు కావాలంది.

మేడం వెళ్ళాక ఆయన నోట్లో పచ్చివెలక్కాయ పడ్డట్టు కూర్చున్నాడు. అసలు ఫైలు పాడైపోయిందని చెప్పొచ్చు. లేకపోతే అసలు ఫైలులాగే కనిపించేలా ఇంకోటి తయారు చెయ్యొచ్చు. కళ్ళు మూసినవాడికి కళ్ళు తెరిపించినవాడికి అదెంత పని? మంగళవారం స్టూడియో తలుపు దగ్గరికి వేసి పనిలో దిగాడు. దారం మాయమైంది. తర్వాతి నంబరుగా పెట్టడానికి పాత వాటిలోంచి ఒక ఫోటో వెతికి తేదీ, నంబరు మార్చాడు. ఎవడూ పట్టుకోలేడు. ఆయన చేసిన టచప్‌లన్నిటిలోకీ గొప్పది అదే. పనంతా అయ్యాక, ఎందుకో మరి, అసలు 4418 తెరిచాడు. పదకొండేళ్ళలో మొదటిసారి.

అది చూస్తూ ఎంతసేపున్నాడో, వెనక గాజుల చప్పుడైంది. ఆవిడ మధ్యాహ్నం క్యారియరు తెచ్చింది.

“ఇదేంటి, ఈ ఫోటో నేనెప్పుడూ చూళ్ళేదే! మన తల్లిపిట్టే కదూ?” అంటూ క్యారియరు బల్ల మీద పెట్టి, కళ్ళజోడు సవరించుకుని తెర మీదకి వంగింది. “నోట్లో పురుగు పట్టుకుంది, బంగారుతల్లి. పిల్లలు నిద్రపోతున్నాయా?”

ఆవిడ తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టింది.

“రెండే కనిపిస్తున్నాయి. చిన్నదేది?”

‘ఎగిరిపోయింది’ అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది. పదకొండేళ్ళు వాడిన మాట, అరిగి నున్నబడింది, దానంతటదే జారుతుంది. నోరు తెరిచాడు కూడా. తెర మీద ఆ రెండు మెడలూ అంచు మీద అలాగే వాలి ఉన్నాయి.

“చచ్చిపోయాయి” అన్నాడు. “నిద్ర కాదు. ఎగరలేదు. ఒక్కటి కూడా ఎగరలేదు.”

చెప్పడం మొదలెట్టాక ఆగలేకపోయాడు. రెమ్మ, దారం, ఎండ. సొరుగు తెరిచి దారాల అడుగు నుంచి నీలం దారం తీసి బల్ల మీద పెట్టాడు. అందులో ముడి వేసిన వంకర ఇంకా పోలేదు. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

“మర్చిపోయారా విప్పడం? నాకు చెప్తే సరిపోయేదిగా. ఆ రోజు మన హడావుడి అలాంటిది” అంది. పాపం, ఆయనకి తప్పించుకునే దారి ఆవిడే చూపించింది. ఆయన తనకి తను చెప్పుకున్న కథే అది. దాన్నే ఆవిడ నోటి నుంచి వింటుంటే భరించలేకపోయాడు.

“మర్చిపోలేదు” అన్నాడు. “ఫోన్ వచ్చింది సాయంత్రం. మధ్యాహ్నం ఖాళీగానే ఉన్నా. ఇదే గుమ్మంలో నిలబడి ఎండ చూశా. పెళపెళలాడుతోంది. దారం గుర్తొచ్చింది. నడిస్తే ఐదు నిమిషాలు. కానీ రేపు పొద్దున ఇంకో ఫోటో తీద్దామనుకున్నా. విప్పితే మళ్ళీ అలా కుదరదేమోనని... వదిలేశా. తెలిసే వదిలేశా.”

పక్క టైలరు మిషను చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది. ఆవిడ తిడుతుందని ఆయన ఎదురుచూశాడు, తిట్టినా బాగుండుననుకున్నాడు.

“మూడూనా అని అడిగాను నేను. మూడూ అన్నారు” అంది చివరికి. “మరి ఇన్నేళ్ళూ నేను నీళ్ళు పెట్టింది ఎవరి పిల్లలకి?”

ఆవిడ క్యారియరు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఆయన మూత తియ్యలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్తే వెనక గోడ మీద మూకుడు నిండుగానే ఉంది. అన్నం పెట్టింది. కంచం తీసేటప్పుడు మాత్రం ఒక్క ముక్క అంది. “పిట్టకి మీరే చెప్పండి. నేను చెప్పను.”

మర్నాడు ఆయన తయారుచేసిన దొంగ ఫైళ్ళు చెరిపేసి, అసలైనవి కార్డులో వేసుకుని మ్యూజియానికి వెళ్ళాడు. సంతకం కాగితంలో ‘లేదు’ అన్న రెండు చోట్లా కొట్టేసి, పైన ‘ముట్టుకున్నాను’, ‘మార్చాను’ అని రాసి, కింద సంతకం పెట్టాడు. మేడం కాగితం చదివింది, ఫోటోలు చూసింది. మొదటిది చూసినప్పుడు మెచ్చుకోలుగా తలూపిన మనిషి, రెండోది వచ్చేసరికి కుర్చీ వెనక్కి జరుపుకుంది.

“ఇది పెట్టలేనండీ, మాస్టారూ.”

“తెలుసమ్మా. పెడితే రెండోది పెట్టండి. దారం చెరపకండి.”

మేడం రెండు రోజులు ఆలోచించి ఫోన్ చేసింది. పెడతామంది, కింద నాలుగు మాటలు మీరే రాసివ్వండి అంది. ఆ నాలుగు మాటలకి ఆయన ఎన్ని కాగితాలు చింపాడో లెక్కలేదు. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ‘పొరపాటున’ అన్న మాట దూరేది. అది కొట్టేస్తే ‘అనుకోకుండా’ వచ్చి కూర్చునేది. పిట్టకి ముందే చెప్పాలని మూడుసార్లు కూతురింటికి వెళ్ళాడు. మూడుసార్లూ దాని హోంవర్కులో లెక్కలు చేసిపెట్టి తిరిగొచ్చాడు.

ప్రదర్శన మొదలైన రోజు నలుగురూ వెళ్ళారు. కూతురు ఫోన్ మాట్లాడుతూ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. తాబేలు ఇసుకలో గుడ్లు పెడుతోంది. నక్క చెవులు మాత్రమే కనిపిస్తున్నాయి. మంచు ఎలుగుబంటి తన పిల్లల్ని వెంటేసుకుని ఎటో పోతోంది, ఎవర్నీ పట్టించుకోకుండా. దాని పక్కన గోడంత 4418. అంత పెద్దది చేసేసరికి దారం తాడంత కనిపిస్తోంది. అంచు మీద తల్లిపిట్ట వంగి ఉంది.

మనవరాలు పిట్టకి ఏ అక్షరాలు కనిపించినా పైకి చదవడం అలవాటు.

“‘ఫోటో కోసం ఈ కొమ్మని వంచి కట్టింది నేను. విప్పడం మర్చిపోలేదు. మర్నాడు ఇంకో ఫోటో కావాలని విప్పలేదు. ఎండకి రెండు పిల్లలు...’” అక్కడ దాని గొంతు చిన్నదైంది. “‘...రెండు పిల్లలు చనిపోయాయి. మూడోది ఏమైందో తెలీదు.’” కింద తేదీ ఉంది. అది తేదీ కూడా చదివి తలెత్తింది.

“తాతయ్యా, ఇది నేను పుట్టిన రోజు కదా?”

“అవునమ్మా.”

“ఎగిరిపోయాయని కదా చెప్పారు? అందుకే కదా నేను పిట్టని?”

“నేనే చెప్పానమ్మా అలా. అబద్ధం చెప్పాను.”

పిల్ల ఆయన మొహం వంక చూసింది. పట్టుకున్న చెయ్యి వదిలేసి, వెళ్ళి తాబేలు ముందు నిలబడింది. చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పరు. ఆయన విషయంలో అది గోడంత అయి ఎదురుగా నిలబడింది, అంతే.

ఆవిడ మాత్రం ఫోటో దగ్గరికి వెళ్ళింది. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుంది. తల్లిపిట్టని చూడలేదు, పిల్లల్ని చూడలేదు. ఎడమవైపు మూలకి వంగి, గాజు మీద సరిగ్గా ముడి ఉన్నచోట గోరు పెట్టి, చిక్కుపడ్డ ముడి విప్పేటప్పుడు చేసినట్టు మెల్లగా గీకింది. ఆగి, మళ్ళీ గీకింది.

మూలన కూర్చున్న కాపలా మనిషి లేచొచ్చాడు.

“అమ్మా, ముట్టుకోకూడదండీ” అన్నాడు మర్యాదగానే.

ఆవిడ వేలు తీసేసింది. ఆయన మాత్రం ఆ మాట తనతో అన్నట్టే రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, అక్కడే, కదలకుండా నిలబడిపోయాడు.